నామినీ పేర్లు సరిచూసే బాధ్యత

జీవిత బీమా ఏజెంట్ల సంఘాలు మన పట్టణాలలో చురుకుగానే ఉన్నాయి. కమీషన్ కోసం ధర్నాలు చేస్తాయి, సన్మానాలూ జరుపుతాయి. ప్రీమియంపై జీఎస్టీ ఎత్తివేయాలని ఏళ్ల తరబడి కోరాయి; 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత పాలసీలపై అది తొలగింది. ఆ కృషిని మేము అభినందిస్తున్నాము.

అయితే మా మొహల్లాల బాధ వేరు. ఆధార్‌లో షేక్ మహబూబ్ బీ, పాలసీలో మాబున్నీ, రేషన్ కార్డులో మహబూబున్నీసా బేగం. ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుటకు, నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసీ ముగియకముందే ఒక వితంతువు అఫిడవిట్లు పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తున్నది. పెండ్లికి ముందు తల్లిని నామినీగా వ్రాయించిన పాలసీలు, ఆమె గతించిన తరువాత కూడా అట్లే ఉన్నవి. బ్యాంకు ఖాతా నుండి ఏటా 436 రూపాయలు కోతపడుతున్నా, అది 2 లక్షల జీవన జ్యోతి బీమా అని ఎరుగని కుటుంబాలెన్నో!

బీమా ధర్మసమ్మతమా అన్న చర్చ ఉలమాలది. అందులోకి మేము దిగము. కట్టిన పాలసీ సొమ్ము ఆ ఇంటికి చేరాలన్నదే మా కోరిక. సంఘాలు నెలకొక శుక్రవారం, జుమా నమాజు అనంతరం మస్జిద్ ఆవరణలో బల్ల వేసి పేర్లు, నామినీలు సరిచూడాలి. మస్జిద్ కమిటీలు చోటివ్వాలి. ఏజెంట్లుగా ఉన్న మన యువకులు ఆ సంఘాలలో చేరి, వచ్చే సర్వసభ్య సమావేశంలోనే ఈ తీర్మానం ప్రవేశపెట్టాలి.