మొదటి పేజీ అమ్మకానికి లేదు

"గూగుల్‌లో మొదటి పేజీ, మొదటి స్థానం, గ్యారంటీ" అంటూ చిన్న వ్యాపారులకు ఫోన్లు చేసేవాళ్ల మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఈ వారం అది ఆపుకోలేనంత అయింది. భూదాన్ పోచంపల్లి దగ్గర ఇక్కత్ నేసే ఒక కుటుంబం, నాకు బాగా తెలిసినవాళ్లు, మధ్యలో దళారి లేకుండా చీరలు అమ్ముకుందామని సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నారు. ఎస్ఈఓ, అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్‌ను పైకి తెచ్చే పని, చేస్తామని ఒక సంస్థ వాళ్ల దగ్గర నెలనెలా డబ్బు తీసుకుంటోంది. నెలాఖరుకు రంగురంగుల గ్రాఫులతో రిపోర్టు పంపుతోంది. గూగుల్ నుంచి మాత్రం ఒక్క కొనుగోలుదారుడూ రాలేదు. సైట్ లోపలికి వెళ్లి చూస్తే కారణం తెలిసింది. సైట్‌ను తయారుచేసిన వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో, రీడింగ్ అనే చోట, ఈ సైట్ జోలికి రావద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే గడి ఒకటి ఉంటుంది. సైట్ తయారయ్యేటప్పుడు అందులో టిక్కు పెడతారు, పని పూర్తయ్యాక తీసేస్తారు. ఇక్కడ తీయలేదు. గూగుల్‌ను గుమ్మం దగ్గరే ఆపేసి, గూగుల్‌లో మొదటి స్థానం తెస్తామని డబ్బు వసూలు చేశారు. అది మగ్గం మీద కూర్చుని సంపాదించిన డబ్బు.

సైట్ ఉన్నవాళ్లెవరైనా ఈ పరీక్ష ఇప్పుడే చేసుకోవచ్చు. గూగుల్ పెట్టెలో ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, పక్కనే కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ చిరునామా రాయండి. మీ పేజీల్లో గూగుల్‌కు తెలిసినవి కనిపిస్తాయి. ఒక్కటీ రాకపోతే ఎక్కడో తలుపు మూసి ఉండవచ్చు. ఇంకా కచ్చితంగా తెలియాలంటే సెర్చ్ కన్సోల్ ఉంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే పరికరం. ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ కనిపించింది, ఎందరు నొక్కి లోపలికి వచ్చారు, ఏ పేజీ గూగుల్‌కు అందలేదు, ఎందుకు అందలేదు, అన్నీ చెబుతుంది. ఆ సంస్థ ఈ కుటుంబానికి సెర్చ్ కన్సోల్ పేరు కూడా చెప్పలేదు. అడిగితే "అది టెక్నికల్, మీకు అర్థం కాదు" అన్నారట. డబుల్ ఇక్కత్‌లో పడుగునూ పేకనూ విడివిడిగా ముడులు కట్టి, రంగులు అద్ది, నేతలో ఆ రెండూ కలిసే చోట పువ్వు సరిగ్గా తేలేలా నేయకముందే లెక్క కట్టే మనిషికి ఒక పట్టిక అర్థం కాదట!

గ్యారంటీ అన్న మాటే అబద్ధం. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని, అలా హామీ ఇచ్చేవాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని గూగుల్ తన వెబ్‌సైట్‌లోనే రాసి పెట్టింది. మామూలు ఫలితాల్లో స్థానం డబ్బుకు దొరకదు. డబ్బుకు దొరికేది ప్రకటన, దాని మీద "స్పాన్సర్డ్" అని రాసి ఉంటుంది. అయినా ఈ సంస్థలు ఇప్పటికీ అమ్ముతున్న సరుకేమిటి? "కీవర్డ్స్ ట్యాగ్‌లో యాభై మాటలు పెట్టాం" అని బిల్లు వేస్తారు. పేజీ కోడ్‌లో కనపడకుండా ఉండే ఆ ట్యాగ్‌ను ర్యాంకు కోసం చూడనే చూడమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. "వెయ్యి బ్యాక్‌లింకులు ఇస్తాం" అంటారు, అంటే వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు లింకులు. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థకు సంబంధం లేని వేల పేజీల నుంచి లింకులు వేయించిన సంగతి 2011లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. వెంటనే గూగుల్ ఆ సంస్థను ఫలితాల్లో కిందికి తోసేసింది. మరుసటి ఏడాది పెంగ్విన్ అనే మార్పుతో ఇలాంటి కొన్న లింకుల మీద వేటు వేసింది. అంత పెద్ద సంస్థ ఆ దెబ్బ తట్టుకుంది. చేనేత కుటుంబం ఎలా తట్టుకుంటుంది?

ఇప్పుడు పాట మారింది. "ఎస్ఈఓ అయిపోయిందండీ, ఏఐ జవాబుల్లో మీ పేరు వచ్చేలా చేస్తాం" అంటున్నారు. తన ఏఐ జవాబుల్లో కనిపించడానికి ప్రత్యేకమైన ఏర్పాట్లేవీ అక్కర్లేదని, మామూలు సెర్చ్‌కు చేసే మంచి పనులే చాలని గూగుల్ చెబుతోంది. కొత్త పేరుతో పాత బిల్లు కట్టకండి.

ఆ మంచి పనులేమిటో ఈ కుటుంబం సైట్ చూస్తూ చెబుతాను. మొదటి పేజీ టైటిల్ "హోమ్" అని ఉంది. గూగుల్ ఫలితాల్లో నీలి అక్షరాల్లో కనిపించేది సాధారణంగా ఈ టైటిలే. అక్కడ ఊరి పేరు లేదు, ఇక్కత్ లేదు, చీర లేదు. ఏం అమ్ముతున్నారో, ఎక్కడివాళ్లో, ఎవరో ఒక వరుసలో రాయాలి. ప్రతి పేజీకీ దాని టైటిల్ దానికే ఉండాలి. వాళ్ల కథ, చిరునామా, ఫోన్ నంబరు అన్నీ డిజైనర్ ఒక అందమైన బొమ్మలో చెక్కి పెట్టాడు. మనిషి కంటికి అవి అక్షరాలే. సెర్చ్ ఇంజిన్ నమ్మకంగా చదివేది పేజీలో టైపు చేసిన అక్షరాలను. ఫోటో పెట్టండి, కానీ అందులో ఏముందో ఆల్ట్ అనే చోట మాటల్లో చెప్పండి.

అసలు లోపం ఇంకా లోతుగా ఉంది. యాభైకి పైగా చీరలున్నాయి, అన్నిటి కిందా అవే రెండు ఇంగ్లిష్ వాక్యాలు. తెలుగులో చెబితే, "నాణ్యమైన సంప్రదాయ చీర. అన్ని సందర్భాలకూ అనువైనది." ఈ మాట సూరత్‌లో అచ్చు వేసిన పాలిస్టర్ చీరకూ సరిపోతుంది. చీర కొనబోయే ఆవిడ గూగుల్‌లో ఏం వెతుకుతుంది? అసలు ఇక్కత్‌నూ ఇక్కత్ ప్రింట్‌నూ ఎలా గుర్తుపట్టాలని వెతుకుతుంది. డబుల్ ఇక్కత్‌కు అంత ధర ఎందుకని వెతుకుతుంది. ఉతికితే రంగు పోతుందా అని వెతుకుతుంది. ఈ ప్రశ్నలకు జవాబు ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఇక్కత్‌లో రంగు గుడ్డకు కాదు, నేయకముందే నూలుకు పడుతుంది. అందుకే చీర తిరగేసినా బొమ్మ అలాగే కనిపిస్తుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. ప్రింట్‌లో వెనకవైపు వెలవెలబోతుంది. ఇది రాయడానికి ఏ ఏజెన్సీ కావాలి? పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్లు నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ ఎందుకు ఊరబెడతారో, ఆ వాసన ఎన్నాళ్లుంటుందో అక్కడివాళ్ల కన్నా బాగా ఎవరు రాయగలరు? ఎస్ఈఓలో కొనుక్కోవడానికి వీల్లేనిది ఇదొక్కటే, పనికొచ్చేదీ ముఖ్యంగా ఇదే. మీ పని గురించి మీకు మాత్రమే తెలిసింది మీ మాటల్లో రాయండి. ఫోన్‌లో చెబుతూ రికార్డు చేసి, ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయి చేత టైపు చేయించినా సరే.

మిగతావి చిన్న పనులు. పేజీ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం కనిపించేలా బిజినెస్ ప్రొఫైల్ ఉచితంగా పెట్టుకోవచ్చు, అందులో ఫోన్ నంబరు, పనివేళలు సరిగ్గా ఉండాలి. ఫలితానికి నెలలు పడుతుంది. వారంలో చూపిస్తామనే మనిషిని పంపించేయండి.

నా అసలు బాధ తెలుగు గురించి. ఆ కుటుంబం సైట్‌లో తెలుగు పేజీ ఉండాలని అడిగారు. "తెలుగు పెడితే ఎస్ఈఓ పాడైపోతుంది" అన్నారట ఆ సంస్థవాళ్లు. పచ్చి అబద్ధం. గూగుల్ తెలుగు పేజీలను మామూలుగానే చదువుతుంది, తెలుగులో వెతికితే తెలుగు పేజీలు చూపిస్తుంది. ఇంగ్లిష్‌లో వెతికేవాళ్లకు ఇంగ్లిష్ పేజీ, తెలుగువాళ్లకు తెలుగు పేజీ, రెండూ పెట్టుకోవచ్చు. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు. ఇంతమంది నోటితో అడిగినా చేత్తో టైపు చేసినా చూపించడానికి మంచి తెలుగు పేజీలు తక్కువ. ఇంగ్లిష్‌లో ఒక మాట కోసం లక్షల పేజీలు పోటీ పడుతుంటే తెలుగులో ఆ చోటు ఖాళీగా ఉంది. ఒక నేతగాడు ఇక్కత్ గురించి తెలుగులో నాలుగు మంచి పేజీలు రాస్తే అవి పైకి రావడానికి ఎంతో అవకాశముంది. ఆ ఖాళీలో అడుగు పెట్టవద్దని సలహా ఇచ్చేవాడికి తన పనీ తెలియదు, మన భాషా తెలియదు.

తెలుగును యంత్రానికి దూరం చేసిన నేరం ఒక్క ఏజెన్సీలది కాదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మూడు దశాబ్దాలు దాటినా మన డీటీపీ సెంటర్లు యూనికోడ్ కాని "అను" ఫాంట్లు వదల్లేదు. ఆ ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి. తెలుగు రాదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుట్ట వస్తుంది. సెర్చ్ ఇంజిన్‌కు అందేదీ ఆ గుట్టే. పొన్నాల, సూరన్న, గిడుగు, మండలి వంటి చక్కటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నా ఇదే పరిస్థితి. ఎన్నో సాహిత్య పత్రికల పాత సంచికలు ఇలాగే నెట్‌లో ఉండి కూడా లేనట్టు పడి ఉన్నాయి.

ప్రభుత్వాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. కంప్యూటర్‌లో టైపు చేసిన జీవోను కాగితం మీద ముద్రించి, సంతకం చేసి, దాన్ని వంకరగా స్కాన్ చేసి బొమ్మగా ఎక్కిస్తారు. చాలా వాటికి టైటిల్ ఒక అంకె మాత్రమే. చేనేత పొదుపు పథకం నిబంధనలేమిటని ఒక నేతగాడు తెలుగులో వెతికితే అసలు ఉత్తర్వు దొరకదు. దాని స్థానంలో క్లిక్కుల కోసం రాసిన వార్తలు దొరుకుతాయి. పత్రికల సైట్లదీ ఇందులో పెద్ద వాటా. పథకం డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందని శీర్షిక పెట్టి, పది పేరాలు చదివించి, చివర్లో తేదీ ఇంకా ఖరారు కాలేదని చెప్పడం పాఠకుణ్ని మోసం చేయడమే. జవాబు తెలియనప్పుడు ఆ శీర్షిక పెట్టకూడదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలను ఒకటే కోరుతున్నాను. ప్రతి జీవోనూ, ప్రతి పథకం నిబంధనలనూ యూనికోడ్ తెలుగులో, విషయం తెలిసే టైటిల్‌తో, ఫోన్‌లో చదవగలిగే పేజీగా పెట్టండి. సంతకం ఉన్న స్కాన్ ప్రతిని దాని కింద జత చేయండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

వెబ్‌సైట్ పెట్టుకున్న చిన్న వ్యాపారులకు ఒక మాట. డొమైన్ ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో, సెర్చ్ కన్సోల్ ఎవరి మెయిల్‌తో తెరుచుకుంటుందో ఈ వారమే చూసుకోండి. అవి ఏజెన్సీ చేతిలో ఉంటే రాతపూర్వకంగా అడిగి మీ పేరు మీదికి మార్పించుకోండి. మార్చేదాకా వచ్చే నెల బిల్లు కట్టకండి.