ఆలస్యం ఎవరిది?

మన సంఘాల్లో ఏ ప్రశ్నకైనా అతికే జవాబు ఒకటుంది: "దేవుని సమయం ఇంకా రాలేదు బ్రదర్." గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కనే నిలబడతారు. సమాధానపడరేమని అడిగితే, ప్రభువు కార్యం కోసం కనిపెడుతున్నామంటారు. తాగుడు మానని పెద్దమనిషిదీ, బైబిలు తెరవని కుర్రాడిదీ అదే మాట. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు తీసుకుని, మళ్లీ డిసెంబరు దాకా దాన్ని బైబిల్లోనే దాచుకునే వాళ్లం మనం. ఆత్మీయ ఎదుగుదలంటే పైనుంచి రావలసిన బదిలీ ఉత్తర్వు అనుకుంటున్నాం కాబోలు.

ఈ ధోరణికి ఉజ్జీవ సభల్లో సాక్ష్యంగా ఒంగోలును నిలబెడతారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్తిస్టు మిషనరీలు జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నడుమ 24 ఏళ్లు. చూశారా, దేవుడు తన సమయం వచ్చేదాకా ఆగాడు, మీరూ ఆగండి అంటారు.

ఆ 24 ఏళ్లలో ఎవరు ఆగారో చెప్పండి మరి. ఫలితం లేని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామని అమెరికా బాప్తిస్టులు 1853లో చర్చించారు, 1862లోనూ చర్చించారు. రెండోసారి జ్యూయెట్ అమెరికాలోనే ఉండి, మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తానని పట్టుబట్టాడు. కొండమీద ప్రార్థించినవాడు కొండ దిగాక చేసిన పని అది. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరగాడు, మాదిగ, యోగం నేర్చినవాడు. తను విన్న సువార్తను ముందు తనవాళ్లకు తనే చెప్పుకుని, 1866లో ఒంగోలు వచ్చి బాప్తిస్మం అడిగాడు. అతణ్ని ఎవరూ వెతికి పట్టుకోలేదు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకొకటి. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌకు చెప్పారు. క్లౌ దంపతులు పేదలనే ఎంచుకున్నారు, అప్పుడు గాని తలుపు తెరుచుకోలేదు. మిషనరీలు వచ్చింది 1836లో. మాదిగపల్లె అప్పుడూ ఊరి పక్కనే ఉంది. ఆ ముప్పై ఏళ్ల ఆలస్యాన్ని దేవుని ఖాతాలో రాయడానికి నాకు చెయ్యి రాదు.

నిజంగా ఆగిన సందర్భం కూడా ఆ చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలీల గుడిసెల్లో బోధకులు వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డా ఏడాదికి పైగా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం ముగిశాకే ఇచ్చాడు. ఆ ఆగడానికి కారణముంది, గడువుంది, ఆగినంత కాలం చేతినిండా పనీ ఉంది. మన కనిపెట్టడంలో ఈ మూడింటిలో ఏదైనా ఉందా?

అయితే ఎదుగుదల మనిషి కష్టంతోనే వస్తుందంటారా అని ఎదురు ప్రశ్న వేస్తారు. అననండి. వృద్ధి దేవుడిదేనన్న పౌలు నాటిన పని, నీళ్లు పోసిన పని మాత్రం మనుషుల పేర్లతోనే రాశాడు. హెబ్రీ పత్రిక రాసినవాడైతే ఈపాటికి బోధించాల్సిన మీరు ఇంకా పాలు తాగుతున్నారేమని నిలదీశాడు. కాలం గడిచిందని లెక్కగట్టాడు తప్ప సమయం రాలేదని ఓదార్చలేదు. బిడ్డకోసం, స్వస్థతకోసం కన్నీళ్లతో కనిపెట్టేవారి జోలికి నేను రాను. వాళ్ల చేతిలో లేనిదాని కోసం వాళ్లు ఎదురుచూస్తున్నారు. క్షమాపణ చెప్పడం, సీసా పక్కన పెట్టడం, వాక్యం తెరవడం మన చేతిలోవే.

"దేవుని సమయం" అన్న మాట బోధకుల నోట మరీ ప్రమాదకరం. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన చెల్లెమ్మకు "ప్రార్థన చేస్తూ ఉండమ్మా, దేవుని సమయంలో మారతాడు" అని చెప్పి పంపేస్తారు. ఆ ఇల్లు ఎక్కడుందో సంఘ పెద్దలకు తెలుసు. వాళ్లు ఇవాళ సాయంత్రమే వెళ్లవచ్చు.