తప్పు చేయనివాడి భయం

‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ హైదరాబాద్ పాతబస్తీలో కార్డన్ సెర్చ్ జరిగినప్పుడల్లా నగరం అవతలి వైపు నుంచి వినిపించే మాట ఇది. పోలీసులు గల్లీ రెండు కొసలూ మూసేసి, ఇంటింటికీ తలుపు తట్టి, ఆధార్ అడిగి, కాగితాల్లేని బళ్ళు పట్టుకుపోతారు. మర్నాడు పేపర్లో బళ్ళ లెక్క వస్తుంది. నిద్ర చెడి గుమ్మంలో నిలబడ్డవాళ్ళ లెక్క ఎవరూ వేయరు.

ఏ వస్తువు కోసం, ఏ అనుమానంతో వెతుకుతున్నారో అధికారి ముందే రాసిపెట్టాలని పాత నేరవిచారణ స్మృతిలోని 165వ సెక్షన్ చెప్పింది. 2024 జూలైలో కొత్త సంహిత వచ్చినా ఆ షరతు పోలేదు. గల్లీ మొత్తాన్నీ అనుమానించే సెక్షన్ నాకైతే కనిపించలేదు. పోలీసులు రాత్రిళ్ళు ఇంటికొచ్చి చూసిపోవడం చెల్లదని సుప్రీంకోర్టు 1962లో ఖరక్ సింగ్ కేసులో తేల్చింది. ఆయన పేరున పోలీసుల దగ్గర హిస్టరీ షీటు, అంటే నేరచరిత్ర చిట్టా, ఉంది! ఏ షీటూ లేని, పాతబస్తీలో గాజులు చేసే వలస కూలీకి ఆపాటి తలుపు కూడా లేదా?

సోదాలను సమర్థించేవాళ్ళు 2015 జనవరి సంగతి ఎత్తుతారు. భవానీనగర్ ప్రాంతంలో ఇలాంటి సోదాల్లోనే గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలు బయటపడ్డారు, ఎక్కువమంది బీహార్ వాళ్ళు. నిజమే, ఆ పిల్లలు బయటపడటం మంచిదే. అయితే ఆ కార్ఖానాలు రాత్రికి రాత్రి మొలిచినవి కావు. లేబర్ ఇన్‌స్పెక్టర్ పగటిపూట వెళ్ళగల చోట్లవి. వలస కూలీల నమోదు బాధ్యతను అప్పటి 1979 చట్టం పెట్టింది కాంట్రాక్టరు మీద, యజమాని మీద. కాగితం అడగాల్సింది వాళ్ళని.

కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు పోయినవాడి పాస్‌పోర్టును కఫీల్, అంటే అక్కడి యజమాని, గుంజుకుంటే మనకు కడుపు మండుతుంది. అకామా (నివాస అనుమతి) లేక ఖల్లివెల్లి (కాగితాల్లేని కూలీ) అయి సందుల్లో దాక్కుంటే, ‘తప్పు చేయకపోతే భయమెందుకురా’ అని అడగం. అక్కడ అతను పరాయి దేశంలో ఉన్నాడు. పాతబస్తీ తాలాబ్‌కట్టలో గాజులకు అద్దాలు అతికించే కుర్రాడు తన దేశంలోనే ఉన్నాడు. ఎక్కడైనా తిరిగే, నివసించే హక్కు 19వ అధికరణం ఇచ్చిందే.

ఈ సోదాలు వేరే బస్తీల్లోనూ జరుగుతాయంటారు. జరుగుతాయి. గేటెడ్ కమ్యూనిటీలో జరిగినట్టు మాత్రం నేను వినలేదు.

సోదా ఇళ్ళతోనే ఆగలేదు, ముఖాల దాకా వచ్చింది. 2021 మేలో పాతబస్తీ రోడ్డు మీద పోలీసులు ఎస్.క్యూ. మసూద్ అనే కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు. అలాగే ఫొటో తీసుకున్నారు. ముఖాలను గుర్తుపట్టే కెమెరాలు ఏ చట్టం కింద వాడుతున్నారో చెప్పమని ఆయన హైకోర్టుకెక్కాడు. తప్పు చేయనివాడే మరి.