"డిజిటల్ డాక్యుమెంటేషన్" అని రాసి చేతులు దులుపుకుందామా?

మొన్న మా స్టడీ గ్రూపులో ఎనిమిది మందిమి ఒకే ప్రశ్నకు జవాబు రాశాం: వేగంగా మారుతున్న నగరాల్లో పాత కట్టడాలను కాపాడుకోవడం ఎలా? పేపర్లు మార్చుకుని దిద్దుకున్నాం. ఎనిమిదింటిలో ఏడింటికి చివరి పేరా ఒక్కటే. డిజిటల్ డాక్యుమెంటేషన్ చేపట్టాలి, ప్రజల్లో అవగాహన పెంచాలి. ఆ ఏడింటిలో నాదీ ఒకటి. కాబట్టి ఈ కోపం ముందు నా మీదే.

నేనుండేది బిలాస్‌పూర్‌లో, అర్పా నదికి ఇవతల సర్కండాలో, ఒక అద్దె గదిలో. పుట్టింది మాత్రం అవతలి ఒడ్డున, రైల్వే క్వార్టర్స్‌లో. 1890 ప్రాంతంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రావడంతో ఈ ఊరి రూపే మారింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర వాళ్లు ఇటు రావడం తేలికైంది. మా తాత కూడా ఆ దారినే వచ్చి రైల్వేలో చేరాడు. ఆయన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. పెంకుల కప్పు, సున్నం గోడ, పక్కన మామిడి చెట్టు, ముందు సైకిలు పట్టుకుని తాత. తలుపు పైన క్వార్టర్ నంబరు ఉంది కానీ సగం ఆయన తల వెనక దాగిపోయింది. అది ఏ లైనులోని ఇల్లో నాన్న ఒకటి చెబుతాడు, మా అత్త ఇంకొకటి చెబుతుంది. ఫొటో వెనక తేదీ లేదు, చోటు లేదు. ఆ వరుసలు కూల్చేసి చాలా ఏళ్లయింది. ఫొటో ఉంది, ఇల్లు లేదు, ఆ ఇల్లు ఎక్కడుండేదో కూడా లేదు.

డాక్యుమెంటేషన్ అని మనం రాసే మాటకు ఇదా అర్థం?

ఇది మా ఇంటి సంగతే అయితే పోనీ అనుకునేవాణ్ణి. 2022 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన స్థాయీ సంఘం నివేదిక చూడండి. కేంద్రం రక్షణలో ఉన్న 3,693 కట్టడాల్లో 50 కనిపించడం లేదని అందులో ఉంది. 14 పట్టణీకరణలో పోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, మిగతా 24 అసలు ఎక్కడున్నాయో తెలియదు. తెలియకపోవడానికి ఒక కారణం, వాటి కచ్చితమైన చోటు వివరాలు లేకపోవడమే. 2024 మార్చిలో పురావస్తు శాఖ 18 కట్టడాలను జాబితా నుంచి తీసేసేందుకు నోటిఫికేషన్ ఇచ్చింది. చట్టం ఉంది, శాఖ ఉంది, జాబితా ఉంది. "ఇదిగో, ఇక్కడ" అని చూపించే కాగితం లేదు. మా తాత ఫొటోకీ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పండి.

ఇక మనకు కంఠతా వచ్చిన అధికరణలు. 49వ అధికరణ కాపాడమనేది జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటించిన వాటిని. 1958 చట్టం కిందికి రావాలంటే కట్టడానికి కనీసం వందేళ్లుండాలి, ఆపైన ఆ ప్రాముఖ్యమూ ఉండాలి. పెంకుల క్వార్టరుకు, బజారులోని చెక్క బాల్కనీ ఇంటికి, మూతపడ్డ సినిమా హాలుకు ఇవేవీ వర్తించవు. మన ఊళ్లు ఊళ్లుగా కనిపించేది మాత్రం వీటివల్లే. వీటికి మిగిలింది 51ఎ(ఎఫ్), అంటే పౌరుడి ప్రాథమిక విధి. అంటే మీరూ నేనూ. ఆ అధికరణను జవాబులో ఉటంకించి, అదే వాక్యంలో "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అని ముగిస్తాం. భలే తెలివి!

ఫొటో తీస్తే కట్టడం బతుకుతుందని నేను అనడం లేదు. 1860ల్లో పారిస్ నగర పాలకులు పాత వీధుల్ని కూల్చేస్తూ, ఆ వీధుల్నే ఫొటోలు తియ్యమని చార్లెస్ మార్విల్‌ను నియమించుకున్నారు. గునపం, కెమెరా ఒకే యజమాని చేతిలో ఉన్నాయన్నమాట. లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే పాత సత్రాన్ని పడగొడతారని తెలిసి 1875లో కొందరు సంఘంగా ఏర్పడి దాన్ని ఫొటోలు తీయించారు. సత్రం ఎలాగూ పోయింది. కానీ ఆ రెండు చోట్లా ఏ ఫొటో ఏ వీధిదో రాసి పెట్టారు. అందుకే నూటయాభై ఏళ్ల తర్వాత కూడా అవి పనికొస్తున్నాయి.

కట్టడాన్ని నిలబెట్టేది వేరే. హైదరాబాద్ ఎర్రమంజిల్‌నే తీసుకోండి. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది, సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదన్నది అక్కడ తేలిన విషయం. అభిమానంతో పెట్టిన పోస్టులు కాదు, రికార్డులూ నిబంధనలూ నిలబెట్టాయి. వారసత్వ కట్టడాల జాబితాలో ఉండటం వల్లే దానికి వాదించుకోడానికి ఒక ఆధారం దొరికింది. ఏ జాబితాలోనూ లేని ఇంటికి ఆ మాత్రమూ దిక్కు లేదు.

"నీకేం, గదిలో కూర్చుని రాస్తావు, ఆ కారే కొంపల్లో ఎవడుంటాడు?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను. వానాకాలం అంతా గదిలో మూడు గిన్నెలు పెట్టేవాళ్లం. కొత్త బ్లాకుకు మారిన రోజు మా అమ్మ ఎంత సంతోషించిందో నాకు తెలుసు. కూల్చొద్దని అనను. దేన్ని కూలుస్తున్నామో తెలిసి కూల్చమంటున్నాను. ఇంజినీరింగ్ చదివినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సైట్‌లో తేదీ, స్కేలు లేని ఫొటోను బిల్లుకు జతచేస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? మరి పాత ఇల్లు అనేసరికి సాయంత్రం ఎండలో ఓ విరిగిన కిటికీ తీసి, పైన ఓ విషాద వాక్యం పెడితే సరిపోతుందా? నాలుగు వైపులా తియ్యండి. కప్పు లోపలివైపు, దూలం గోడలోకి దిగే చోట తియ్యండి. పక్కన టేపు పెట్టండి. లొకేషన్, తేదీ, ఆ ఇంటివాళ్లు ఆ ఇంటిని ఏమని పిలుస్తారో రాసుకోండి. లోపలికి వెళ్లేముందు వాళ్ల అనుమతి అడగండి, వాళ్ల పేదరికాన్ని మాత్రం తియ్యకండి.

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద ఒకే రోజు 508 స్టేషన్లకు శంకుస్థాపన జరిగింది. కరెంట్ అఫైర్స్ నోట్సులో ఆ అంకె మీ అందరి దగ్గరా ఉంటుంది. ఆ జాబితాలో మీ ఊరుంటే, పాత భవనం ఫొటోలు కొలతలతో సహా మీలో ఎంతమంది దగ్గరున్నాయి? టాగోర్ "ఫాంకి" కవితలో బిలాస్‌పూర్ స్టేషనే వస్తుంది. అక్కడ ఒక కూలీ భార్యను డబ్బు విషయంలో మోసగించిన భర్త తర్వాత పశ్చాత్తాపంతో వచ్చి ఆమె గురించి అడిగితే, ఎవరికీ తెలియదు. ఆ కవిత మా స్టేషన్‌లో రాసి పెట్టి ఉంది. దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటాం.

రేపు మనలో ఏ ఒకరిద్దరికైనా ఉద్యోగం వస్తే కూల్చివేత ఫైలు మన బల్ల మీదికే వస్తుంది. "శిథిలావస్థ" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఏం అడగాలో ఇవాళ తెలియకపోతే అప్పుడు ఎవరు నేర్పుతారు?

ఈ ఆదివారం పొద్దున్నే టేపు, నోటుబుక్కు పట్టుకుని వంతెన దాటి పాత కాలనీ వైపు వెళ్తున్నాను. ఇంకా నిలిచి ఉన్న రెండు వరుసల్ని తీస్తాను. నాన్న కూడా వస్తానన్నాడు. తాత ఫొటోలోని మామిడి చెట్టు ఉందేమో చూస్తాడట. అది దొరికితే ఇంటి చోటు తేలిపోతుంది.