అరగని పటం

కోడిపందెంలో రాజ్యాన్నే ఒడ్డిన సీమ మనది. ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు అడవుల పాలైన కథ ‘పల్నాటి వీరచరిత్ర’ చదివినవారికి తెలిసినదే. పందెం కాసినవారు ప్రభువులు. నెత్తురోడినది కారెంపూడి నేల. కనుక ఆటను వట్టి కాలక్షేపమని తీసివేయడం నాకు సమ్మతం కాదు.

ఆటతోనే దురాశను అధిక్షేపించదలచిన విదుషి ఒకరు అమెరికాలో ఉండేవారు. ఆమె పేరు ఎలిజబెత్ మేగీ. ‘భూస్వామి ఆట’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పటాన్ని రూపొందించి 1904లో పేటెంటు పొందారు. అందులో నేలను గుప్పిట పట్టినవాడు కూర్చున్నచోటనే కౌలు దండుకొని తోటివారిని దివాలా తీయిస్తాడు. ఆ అన్యాయం ఆడేవారికే రోత పుట్టించాలని ఆమె తలంపు. కౌలు ప్రజల ఖజానాకు చేరి అందరూ బాగుపడే మరొక నియమావళిని కూడా ఆమె కూర్చారు. లోకం మాత్రం దానిని మరచి, రోత పుట్టవలసిన మొదటిదానినే ముద్దు చేసింది! ఆ మొదటి పద్ధతి నుండి పెరిగిన ‘మొనోపలీ’ని 1935లో అంగళ్లకు తెచ్చిన పార్కర్ బ్రదర్స్ సంస్థ, మేగీ నుండి పేటెంటు హక్కును 500 డాలర్లకు కొన్నది. మన పిల్లలు వేసవి సెలవులలో ఆడే ‘బిజినెస్’ ఆ సంతతిదే.

మేగీ పటంలో ఒక మూలగడి ఉండేది. దానిపై భూమాత పేరు, శ్రమ పేరు రాసి ఉండేవి. దానిని దాటినవానికి కూలి దక్కేది. మొనోపలీలో సొమ్ము దక్కుతూనే ఉన్నది, భూమాత కనుమరుగైంది. అంతకంటె పెద్ద అబద్ధం మరొకటి ఉన్నది. ఆ పటం అరగదు. ఎంత దండుకొన్నా చివరి పాచిక నాటికి నేల తొలినాటి వలెనే ఉంటుంది.

పల్నాటి నేల అటువంటిది కాదు. పిడుగురాళ్ల బట్టీలలో నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలితే దక్కే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. వ్యాపారి చిట్టాలో 56 కనబడుతుంది. ఆ 44 ఎవరి పద్దు? రాయి తీసినచోట గొయ్యి మిగులుతుంది. అక్కడ మళ్లీ మిరప పండదు, పత్తి పండదు. ఈ రాయితోనే ఇల్లు కట్టుకొన్నవాణ్ణి నేనూ. మాచర్ల సిమెంటు, బట్టీల కూలి ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టినవో ఎరుగుదును. గనులు మూయమని నేను చెప్పడం లేదు. ఆటను నిజాయితీగా ఆడమంటున్నాను.

అందుకు మన విద్యార్థులు పల్నాటి పటం ఒకటి గీయాలి. రాయి తీసిన ప్రతిసారీ ఆ గడిని కత్తెరతో కత్తిరించి పారవేయాలి. డబ్బు కుప్ప పోసుకొన్న ఆటగాడు చివరకు కాయ మోపడానికి చోటు లేక దిక్కులు చూడాలి. నవ్వు అప్పుడు పుడుతుంది. మేగీ కోరిన రోత కూడా.

ఒక్క నియమమే నాకు తేలలేదు. కత్తెర ఎవరి చేతికివ్వాలి? గెలుస్తున్నవాని చేతికా, పాచిక వేసే వంతే రాక పటం అంచున కూర్చున్నవాని చేతికా?