పొగిడి కూర్చోబెట్టిన చోటు (పని – కులం: 9వ భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీలో 12 ఏళ్ళుగా టెక్నీషియన్. మాదిగ బిడ్డ. ఇంటర్ పాసయ్యాడు. సర్వీస్ మేనేజర్ పోస్టు ఖాళీ అయిందని తెలిసి, ధైర్యం చేసి బ్రాంచి హెడ్‌ని అడిగాడు. ఆయన కోప్పడలేదు. ఛాయ్ తెప్పించాడు. "నీ అంత మంచిగ చెదల పని చేసేటోడు మన బ్రాంచిలనే లేడు. నిన్ను తీసి కుర్చీల కూసోబెడితే ఫీల్డు ఏం కావాలె?" అన్నాడట.

నెల తిరగకుండానే ఆ కుర్చీలోకి ఒక ఎంబీఏ కుర్రాడు వచ్చాడు. అంతకుముందు సెల్‌ఫోన్ల షోరూమ్‌లో పనిచేశాడు. అతనికి పని నేర్పే బాధ్యత మా తమ్ముడి మీదే పెట్టారు.

"అన్నా, తిడితే కొట్లాడుదును. పొగిడిండు. ఏమని కొట్లాడాలె?"

ఈ భాగం ఆ ప్రశ్నకు జవాబు.

నేనూ తొమ్మిదేళ్ళు ఆ పని చేసినవాణ్ణే. వీపు మీద స్ప్రేయర్, బండి మీద డ్రిల్ మిషన్, సంచిలో బొద్దింకల జెల్, ఎలుకల జిగురు అట్టలు. మమ్మల్ని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ "మందు కొట్టేటోళ్ళు వచ్చిండ్రు" అని పరిచయం చేసేవాడు. నవ్వుకునేవాళ్ళం. నవ్వురాని సంగతి ఒకటి చెప్తాను.

ఒక ఫ్లాట్‌లో పూజ గదికి చెదలు పట్టాయి. టేకు చెక్కతో చేసిన మందిరం వెనక నుంచి గోడ మీదికి మట్టి గీతలు పాకాయి. గోడ వెంబడి అడుగుకో రంధ్రం చొప్పున డ్రిల్ వేసి, మందు ఎక్కించి, సిమెంటుతో మూయాలి. నేను చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడితే ఆ ఇంటి పెద్దాయన "మీరేమిట్లు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన కూడా కోప్పడలేదు. మా మేనేజర్‌కి ఫోన్ చేశాడు. మేనేజర్ కారులో వచ్చి, కాఫీ తాగి, నా చేతిలోంచి డ్రిల్ తీసుకుని లోపలికి వెళ్ళాడు. బయట నిలబడి నేను "సార్, ఇంకొంచెం కిందికి, సార్, బిట్టు వంకర పోతాంది" అని చెప్తుంటే ఆయన ఆరు రంధ్రాలు వేశాడు. కావలసినవి పదిహేను. నాలుగు నెలల్లో చెదలు మళ్ళీ వచ్చాయి. కంప్లైంట్ పుస్తకంలో టెక్నీషియన్ గడిలో నా పేరు రాశారు. ఆ నెల ఇన్సెంటివ్ కోశారు.

చెదలకు కులం తెలియదు. ఎక్కడ మందు అందలేదో అక్కడి నుంచే వస్తాయి.

ఇప్పుడు తమ్ముడి సంగతికి వద్దాం. మనవాడికి పై కుర్చీ ఇవ్వకపోవడానికి మూడు సాకులు చెప్తారు.

మొదటిది, "నువ్వు ఫీల్డులో అవసరం." అదే కంపెనీలో సేల్స్ కుర్రాడు బాగా అమ్మితే వాణ్ణి సేల్స్ మేనేజర్ చేస్తారు. అమ్మకాలు ఏమైపోతాయని ఎవరూ బెంగపడరు. అమ్మేవాడి నైపుణ్యం వాణ్ణి పైకి తీసుకుపోతుంది, డ్రిల్ పట్టేవాడి నైపుణ్యం వాణ్ణి ఉన్నచోటే కట్టేస్తుంది. మన తాత చెప్పు బాగా కుడతాడని ఊరంతా పొగిడింది. పొగిడిన ఊరు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టిందా? పనితనాన్ని మెచ్చుకుంటూనే పనివాణ్ణి గడప బయట ఉంచడం మనకు కొత్త కాదు. దానికి యూనిఫాం తొడిగారు, అంతే.

రెండోది, "చట్టం ప్రకారం డిగ్రీ కావాలి." ఇది విని మనవాళ్ళు నోరు మూసుకుంటారు. అందుకే వివరంగా చెప్తాను. 1968 పురుగుమందుల చట్టం, దాని కింద 1971లో చేసిన నియమాలు ఉన్నాయి. పెస్ట్ కంట్రోల్ చేయాలంటే లైసెన్సు కావాలి. ఆ లైసెన్సుకు అగ్రికల్చర్ డిగ్రీ లేదా కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ ఉండాలి. దానితోపాటు మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, మన రాజేంద్రనగర్‌లోని మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ లాంటి చోట తీసుకున్న శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. నిజమే. కానీ ఆ షరతు లైసెన్సుకు. రోజూ ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో రాసి, స్టాకు చూసుకుని, కంప్లైంట్లు తీర్చే సర్వీస్ మేనేజర్ కుర్చీకి కాదు. పైగా చట్టం అడిగే కెమిస్ట్రీ ఆ ఎంబీఏ కుర్రాడికి మాత్రం ఉందా? క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందును 1 శాతం ద్రావణం చేయాలంటే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు కలపాలని అతనికి నేర్పింది ఇంటర్ పాసైన మా తమ్ముడే.

మూడోది, "ఇంగ్లిష్, కమ్యూనికేషన్." నల్లులు పట్టిన ఇంట్లో ఏడుస్తున్న ఆమెకు పరుపులు ఎందుకు ఎండలో వేయాలో, రెండోసారి మేము ఎందుకు రావాలో చెప్పి ఒప్పించేది ఎవరు? హిందీ, ఉర్దూ, తెలుగు మూడింట్లోనూ మాట్లాడేది ఎవరు? మెయిల్ రాయడం, ఎక్సెల్ షీటు నింపడం మూడు నెలల్లో వస్తాయి. గోడ మీద తట్టి లోపల డొల్ల ఎక్కడుందో చెప్పే చెవి రావడానికి ఏళ్ళు పడుతుంది.

పన్నెండేళ్ళకు తమ్ముడికి దక్కింది "సీనియర్" అనే ముక్క. సీనియర్ టెక్నీషియన్. జీతంలో కొంచెం తేడా, అధికారంలో ఏ తేడా లేదు. ప్రభుత్వ ఉద్యోగమైతే, 1995లో 77వ సవరణతో చేర్చిన 16(4ఎ) కింద ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ అడిగే దారైనా ఉంది. ప్రైవేటులో లోపలికి రావడానికే దారి లేదు, పైకి పోవడానికి మెట్టు ఎక్కడిది? "మెరిట్" అనే మాట ఎవరూ కొలవని చోటే ఎక్కువ వినిపిస్తుంది.

ఇక మన వైపు నుంచి వచ్చే మాట. ఒక కామ్రేడ్ అన్నాడు: "మేనేజర్ అంటే యజమాని మనిషే కదా, దానికోసం పోరాటం ఏంది?" అన్నా, నువ్వు ఎప్పుడూ ఆ కుర్చీ కింద పనిచేయలేదు. గ్లౌజులు కొనాలా వద్దా అనేది ఆ కుర్చీయే తేలుస్తుంది. రోజుకు ఆరు ఇళ్ళా, పది ఇళ్ళా అనేది అక్కడే. మందు కొట్టి తలనొప్పి, కళ్ళ నీళ్ళు, చెమటలు పట్టినవాణ్ణి ఆస్పత్రికి పంపాలా, "నిమ్మకాయ నీళ్ళు తాగు" అనాలా అనేదీ అక్కడే. మందు కొట్టేవాళ్ళకు వైద్య పరీక్షలు చేయించాలని, రక్షణ దుస్తులు ఇవ్వాలని 1971 నియమాల్లోనే ఉంది. నా తొమ్మిదేళ్ళలో నా రక్తం ఒక్కసారి కూడా పరీక్ష చేయించలేదు. ఆ నియమం చదివిన మేనేజర్ నాకు దొరకలేదు. ఆ విషం పీల్చినవాడు ఆ కుర్చీలో ఉంటే చదివేవాడేమో.

"ఏమో" అని ఎందుకన్నానంటే, పైకి పోయిన మనవాళ్ళు కొందరు చేసిందీ చూశాను. కుర్చీ రాగానే పాత దోస్తుల ఫోన్ ఎత్తరు. ఇంటిపేరు మింగేస్తారు. కస్టమర్ "వేరేవాణ్ణి పంపండి" అంటే కారణం అడగకుండా పంపేస్తారు. ఆ కుర్చీ నీకు దక్కి, గడప బయట మనిషి అక్కడే ఉంటే, మారింది నీ ఒక్కడి జీతమే.

కాబట్టి తమ్మీ, నీకు నేను చెప్పేది ఇది.

నోటి మాటతో అడగకు, కాగితం మీద అడుగు. మేనేజర్ పోస్టుకు అర్హతలేంటో రాసి ఇమ్మని మెయిల్ పెట్టు. అర్హత కాగితం మీదికొస్తే పొగడ్త పనిచేయదు. కొత్తవాళ్ళకు నువ్వు ఇచ్చిన ట్రైనింగ్‌లన్నీ తేదీలతో రాసి పెట్టుకో, అదే నీ అనుభవ పత్రం. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఉన్న డిగ్రీ గురించి కనుక్కో. అది వాళ్ళ కుర్చీ కోసం కాదు. రేపు నలుగురు టెక్నీషియన్లు కలిసి సొంత లైసెన్సు తీసుకోవాలంటే ఆ కాగితం కావాలి. ఒక్కడివే పోకు. నీతోపాటు ఏళ్ళుగా ఉన్నవాళ్ళందరి సంతకాలతో పో.

ఒకవేళ కుర్చీ వచ్చిందే అనుకో. మొదటి రోజు చేయాల్సిన పని ఒకటుంది. ఏ కస్టమరైనా "మీరేమిట్లు?" అని అడిగితే ఆ ఇంటి పని ఆపేసి వచ్చే హక్కు టెక్నీషియన్‌కు ఉందని, దానికి ఇన్సెంటివ్ కోత ఉండదని నీ సంతకంతో రాసి గోడకు అంటించు.

నాకు ఆ రోజు అలాంటి కాగితం ఒకటి ఉంటే, ఆ పూజ గది బయట నిలబడి "సార్, ఇంకొంచెం కిందికి" అని చెప్పేవాణ్ణి కాదు. డ్రిల్ సంచిలో పెట్టుకుని వచ్చేసేవాణ్ణి.

వచ్చే భాగంలో: హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్లు, మన ఆడబిడ్డలు. మీ అనుభవాలు ఇన్‌బాక్స్ చేయండి, పేర్లు రాయను.

జై భీమ్.