0-60 అంటే కార్ల అంటుటు స్కోర్: మస్టాంగ్ వదిలేసి జీఆర్86 ఎందుకు కొన్నానంటే

ఫోన్ కొనే ముందు అంటుటు స్కోర్ చూడనివాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? నేనైతే చూస్తాను. అలా స్కోర్ చూసి కొన్న ఫోన్ ఇరవై నిమిషాలు గేమ్ ఆడేసరికి వేడెక్కి ఫ్రేమ్స్ డ్రాప్ చేస్తే ఎలా ఉంటుందో కూడా నాకు బాగా తెలుసు. పోయిన ఏడాది నా మొదటి స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేయబోయాను. అందుకే ఈసారికి ఫోన్లు పక్కన పెట్టి కార్ల గురించి రాస్తున్నా. భరించండి.

గుంటూరులో బీటెక్ చేసి, ప్రాజెక్టు మీద డల్లాస్ వచ్చి మూడేళ్లవుతోంది. బడ్జెట్ దాదాపు 30 వేల డాలర్లు. ఆ డబ్బుకి నా ముందున్నవి రెండే రెండు. ఒకటి, 2019 మోడల్ సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ: 5.0 లీటర్ వీ8 ఇంజిన్, 460 హార్స్‌పవర్, 60 మైళ్ల స్పీడ్ అందుకోవడానికి నాలుగు సెకన్లకి కాస్త అటూఇటూ. రెండోది, కొద్దిగా వాడిన టొయోటా జీఆర్86: 2.4 లీటర్ ఫోర్ సిలిండర్, 228 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లతో అదే 60కి 6.1 సెకన్లు. స్పెక్ షీట్ పక్కపక్కన పెడితే ఇది పోటీయే కాదు. మా రూమ్మేట్ అప్పటికే మస్టాంగ్ నడుపుతున్నాడు. "మామా, 228 హార్స్‌పవర్‌కి ఎవడైనా 30 వేలు పోస్తాడా? ఆ డబ్బుకి క్యామ్రీ కొనుక్కో, కనీసం డిక్కీలో సామాను పడుతుంది" అన్నాడు. క్యామ్రీ వీ6కి 301 హార్స్‌పవర్ అని కూడా గుర్తు చేశాడు. నా దగ్గర జవాబు లేదు.

ముందు మస్టాంగే టెస్ట్ డ్రైవ్ చేశాను. ఫ్రీవే ఎక్కే ర్యాంప్ మీద పెడల్ మొత్తం తొక్కాను. ఆ శబ్దం, సీటు వీపుని వెనక్కి లాగడం... ఒప్పుకోవాలి, ఒళ్లు జలదరించింది. అయితే నాలుగైదు సెకన్లలో 70 దాటేశాను, కాలు తీసేయాల్సి వచ్చింది. ఇక అంతే, అయిపోయింది. అమెరికా మొత్తంలో అత్యధిక స్పీడ్ లిమిట్ ఇదే టెక్సాస్‌లో, ఆస్టిన్ దగ్గర ఎస్‌హెచ్ 130 టోల్ రోడ్డు మీద ఉంది. అది 85 మైళ్లు. మస్టాంగ్ అక్కడికీ కొన్ని సెకన్లలోనే చేరిపోతుంది. ఆ కారు సత్తా నిజంగా మొదలయ్యేది ఆ తర్వాతే. మరి అక్కడ ఏం చేస్తాం? సిగ్నల్ దగ్గర పక్కవాడితో రేసు పెట్టుకుంటాం. టెక్సాస్‌లో రోడ్డు మీద రేసింగ్ ఉత్త ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు. వీసా మీద బతుకుతున్నవాడికి ఆ మాట అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు.

తిరిగి వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. మలుపు ఇంకా పూర్తవకముందే పెడల్ కొంచెం గట్టిగా నొక్కాను. వెనక టైర్లు పక్కకి జారాయి. ట్రాక్షన్ కంట్రోల్ లైటు టకటకా వెలిగి కారు తనంతట తానే సర్దుకుంది. తప్పు కారుది కాదు, నా కుడికాలిదే. కానీ ఆ అర సెకనులో ఒకటి అర్థమైంది: ఆ 460 నాకు లొంగినవి కావు, ఒక సాఫ్ట్‌వేర్ అదుపులో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా చెప్తున్నా, అది అంత ధైర్యమిచ్చే విషయం కాదు.

అసలు ఈ 0-60 నంబర్ కథ కూడా తెలుసుకోవాలి. అమెరికాలో చాలామంది ఈ టైమ్‌ని మొదటి అడుగు కదిలాక లెక్కపెట్టడం మొదలుపెడతారు. దీన్ని రోల్‌అవుట్ అంటారు. డ్రాగ్ రేసుల్లో టైమింగ్ లైట్లు అలా పనిచేస్తాయి కాబట్టి వచ్చిన అలవాటు. అంటే కారు అప్పటికే కదులుతోంది, వాచ్ మాత్రం ఇంకా సున్నా దగ్గరే. 2023లో వచ్చిన డాడ్జ్ డీమన్ 170కి చెప్పే 1.66 సెకన్లూ, టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ 1.99 సెకన్లూ రోల్‌అవుట్ తీసేసిన లెక్కలే. బెంచ్‌మార్క్ యాప్ కనబడగానే క్లాక్ స్పీడ్ పెంచే ఫోన్ల సంగతి మనం ఎన్నిసార్లు తిట్టుకోలేదూ!

డీమన్‌ని తక్కువ చేయను. 2018లో వచ్చిన మొదటి డీమన్ 840 హార్స్‌పవర్‌తో క్వార్టర్ మైలు 9.65 సెకన్లలో దాటేది. ముందు టైర్ల బదులు బిగించుకోవడానికి సన్నటి చక్రాలు విడిగా ఇచ్చారు. పక్క సీటు కావాలంటే ఒక డాలర్ అదనం. లాంచ్‌లో బరువంతా వెనక టైర్ల మీద పడాలని ముక్కు పైకి లేచేలా సస్పెన్షన్ సెట్ చేశారు. ఒకే పని కోసం ఇంత పిచ్చిగా చేసిన కారంటే ఇంజినీర్‌గా నాకు గౌరవమే. కాకపోతే అదే కారుని మలుపులోకి తీసుకెళ్తే ఆ సెటప్పే మనకి అడ్డం. తిప్పేటప్పుడు ముందు టైర్ల మీద బరువు ఉండాలి కదా.

పైగా నేరుగా దూసుకెళ్లడంలో ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లదే రాజ్యం. టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్ ఫ్యామిలీ సెడాన్. అది 2.9 సెకన్లలో, చప్పుడు చేయకుండా, ఏసీ వేసుకుని, మస్టాంగ్ జీటీని దాటేస్తుంది. అంటే కేవలం ఆ నంబర్ కోసమే వీ8 కొంటే, కొన్న రోజే ఓడిపోయినట్టు.

మరి మలుపు సంగతి? బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి: వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించాలి. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు, మంచి టైర్లు ఇచ్చే 0.95 జీ గ్రిప్ అనుకుంటే, వచ్చే గరిష్ఠ వేగం గంటకి సుమారు 60 కిలోమీటర్లు, అంటే 37 మైళ్లు. స్కూల్ బస్సు వెళ్లే వేగంలోనే కారు తన హద్దు దగ్గర ఉంటుంది! 37 మైళ్ల దగ్గరే స్టీరింగ్ బరువు మారడం, టైరు మూలగడం, బరువు ఒక పక్కకి ఒరగడం అన్నీ చేతికి తెలుస్తాయి. టైరు గ్రిప్ అనేది డేటా ప్యాక్ లాంటిది. బ్రేకుకి వాడేసుకున్నాక తిరగడానికి మిగిలేది తక్కువ. ఆ లెక్క చూసుకుంటూ నడపడమే అసలు ఆట.

ఇక్కడే బరువు లెక్కలోకి వస్తుంది. జీఆర్86 సుమారు 1,280 కిలోలు. మస్టాంగ్ జీటీ దాదాపు 1,700. ఐదుగురు మనుషుల్ని ఎప్పుడూ ఎక్కించుకుని తిరుగుతున్నట్టు! పైగా జీఆర్86లో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్ కాబట్టి బరువు కిందికి ఉంటుంది. చిన్నప్పుడు తిరుమల ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సులో డ్రైవర్ వెనక సీటు కోసం అన్నయ్యతో కొట్లాడేవాణ్ని. ఆయన ప్రతి మలుపుకీ గేరు దించి, స్టీరింగ్ చుట్టేసి, మళ్లీ వదిలేసే తీరు చూడటానికి. జీఆర్86 టెస్ట్ డ్రైవ్‌లో మొదటి క్లోవర్‌లీఫ్ ర్యాంప్ తిరగ్గానే నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆ రోజే సంతకం పెట్టేశాను.

లోపాలు లేవా అంటే, బోలెడు. టెక్సాస్ కాంక్రీట్ హైవేల మీద టైర్ల రొద భరించలేం. ఇంజిన్ శబ్దంలో కొంత స్పీకర్లలోంచి వస్తుంది, ఇది నాకు సిగ్గుగానే ఉంటుంది. వెనక సీటు చూసి నాన్న వీడియో కాల్‌లో "అందులో ఎవర్రా కూర్చునేది, మీ అమ్మ హ్యాండ్‌బ్యాగా?" అన్నారు. డల్లాస్ అరచేయంత చదునుగా ఉంటుంది. మంచి మలుపులు కావాలంటే లీకీ ఊరి దగ్గరున్న ట్విస్టెడ్ సిస్టర్స్ రోడ్లకి ఐదారు గంటల ప్రయాణం. అక్కడ కూడా మలుపు అవతల జింక నిలబడి ఉండొచ్చు, కాబట్టి హద్దు దాకా వెళ్లే చోటు పబ్లిక్ రోడ్డు కాదు. ఇక మలుపులూ నేరుగా స్పీడూ రెండూ కావాలంటే కార్వెట్ ఉంది. కానీ దానికి నా బడ్జెట్ రెండింతలైనా చాలదు.

హద్దు దాకా వెళ్లడానికి ఆటోక్రాస్ ఉంది. ఎస్‌సీసీఏ వాళ్లు ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కో కారు ఒంటరిగా గడియారంతో పోటీ పడుతుంది. కోను తగిలితే 2 సెకన్ల పెనాల్టీ. దాదాపు అంతా సెకండ్ గేర్‌లోనే. మొన్న రూమ్మేట్‌ని కూడా లాక్కెళ్లాను. "460 రా, చూస్కో" అంటూ దిగాడు. మొదటి రన్‌లో మూడో మలుపుకే మస్టాంగ్ గిర్రున తిరిగి మూడు కోన్ల మీద కూర్చుంది. నవ్వాను. తర్వాతి రన్‌లో నేనూ తిరిగాను, కాబట్టి నవ్వు అక్కడితో ఆపేశాను.

రోజు చివరికి నా బెస్ట్ టైమ్ 48 సెకన్లు, వాడిది 51. మా ఇద్దరి మధ్యా ఒక పెద్దావిడ 1990 మోడల్ మియాటాలో వచ్చింది. 116 హార్స్‌పవర్, రంగు వెలిసిపోయిన కారు, డ్యాష్‌బోర్డ్ మీద పగుళ్లు. 44 సెకన్లలో దిగిపోయి థర్మోస్‌లోంచి కాఫీ పోసుకుంది. నా కారు చూసి "మలుపులోకి వెళ్లాక కాదు, ముందే బ్రేకు వదిలెయ్" అంది, అంతే.

ఇంటికొచ్చేటప్పుడు రూమ్మేట్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మాత్రం అడిగాడు, "మామా, ఆ మియాటాలు ఇప్పుడు ఎంతకొస్తాయి?"